ప్రశ్న ఎక్కడండీ?

నాగఓకాలోని మా వంటశాల నుంచి రోజూ నూట అరవై భోజనం డబ్బాలు బయటికి వెళ్తాయి. వాటిలో ఏడు, సుగినోకో పసిపిల్లల బడిలో కొన్ని తిండి పదార్థాలు పడని పిల్లలవి. ఒకరికి గుడ్డు పడదు, ఒకరికి పాలు, ఇంకొకరికి గోధుమ. ఆ ఏడింటి మీద అంటించే చీటీలు తొగాషి గారు రాసిన కంప్యూటరు ప్రోగ్రాం నుంచి వస్తాయి. ఆవిడకు యాభై ఆరేళ్ళు. పదహారేళ్ళుగా ఇక్కడే కూరలు తరుగుతున్నారు. ప్రోగ్రాం రాయడం ఒక పాత పుస్తకం చూసి తనంతట తానే నేర్చుకున్నారు. నేను ఆవిడ పక్కన నిలబడి డబ్బాల్లో అన్నం సర్దుతాను.

జూన్ మూడో సోమవారం నాలుగు చీటీలు వచ్చి ఆగిపోయాయి. కొత్త ప్రింటరు అంతకు ముందు శనివారమే వచ్చింది. మిగతా మూడూ ఆవిడ చేత్తో రాశారు. తొందరలో గుడ్డు చీటీ, పాల చీటీ తారుమారయ్యాయి. బడిలో టీచరు మూత తీసి చూసింది కాబట్టి సరిపోయింది.

మా యజమాని ఇగరాషి గారు మధ్యాహ్నం వచ్చారు.

"తొగాషి గారూ, శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే ఆ ఏడుగురివీ మానేద్దాం. ఇంటినుంచి తెచ్చుకుంటారు."

"అందరూ మన డబ్బా తింటుంటే వాళ్ళు మాత్రం వేరేది విప్పుకోవాలా అండీ?"

"వేరేదైతే ఏం? ఆస్పత్రిలో పడటం కన్నా నయం కదా."

ఆయన అన్నదీ తప్పు కాదు. అందుకే ఆవిడకు ఇంకా మండింది.

మంగళవారం టీ వేళ ఆవిడ ఇంటర్నెట్‌లో ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రశ్నలడిగే ఒక చోట రాశారు. ముందు వానాకాలం గురించి రెండు మాటలు, తర్వాత అందరి ఆరోగ్యం గురించి, తర్వాత తీరిక లేనివాళ్ళను ఇబ్బంది పెడుతున్నందుకు క్షమాపణ. పదకొండు వరుసలయ్యాక ప్రింటరు మాట వచ్చింది. కొత్త ఇంట్లో దిగితే ఇరుగుపొరుగుకి తువ్వాలు పట్టుకెళ్ళి పలకరించే మనిషి ఆవిడ. ఊరికే వెళ్ళి అడగడం చేతకాదు.

'ఎండుచేప' అనే పేరుతో ఒకాయన జవాబిచ్చాడు: "వాన ఇక్కడా పడుతోంది. ప్రశ్న ఎక్కడండీ?"

"చూశావా మియో, ఎంత పొగరో! మర్యాదగా అడిగితే ఇదా?" అని ఆవిడ ఫోను నా ముందు పెట్టారు.

రాసిన ప్రోగ్రామూ, పేర్ల పట్టికా చూపించమని ఆయనే మళ్ళీ అడిగాడు. పిల్లల పేర్లు బయట పెట్టకూడదు. అందుకని బుధవారం ఆవిడ పేర్లన్నీ కూరగాయల పేర్లుగా మార్చి కొత్త పట్టిక రాశారు. ముల్లంగికి గుడ్డు పడదు, గుమ్మడికి పాలు పడవు. అలా ఏడుగురు. గంటలోపే జవాబు వచ్చింది: "నా దగ్గర ఏడూ వచ్చాయి. మీరు అసలుది చూపించడం లేదు."

"అంటే నేను అబద్ధాలకోరునా?"

గురువారం ఆవిడ అదే ప్రశ్న ఇంకోచోట పెట్టారు. బడి చదువు మధ్యలో మానేసినప్పటి నుంచి నేను ఆ రెండు చోట్లా చదువుతూనే ఉన్నాను, ఒక్కసారీ రాయలేదు. ఒకే ప్రశ్న చెప్పకుండా రెండు చోట్ల పెడితే అక్కడ ఊరుకోరని నాకు తెలుసు. చెబుదామనుకున్నాను. ఆవిడ వేళ్ళు విసురుగా కదులుతున్నాయి. నేను అన్నం గరిటె పట్టుకుని నిలబడిపోయాను.

ఎండుచేప అక్కడా ఉన్నాడు. "నిన్న నేను అరగంట కూర్చుని నడిపి చూశాను. ఇవాళ ఇక్కడ మళ్ళీ మొదటి నుంచా? మా సమయానికి విలువ లేదా?" అన్నాడు. మొదటి చోట ఇక ఎవరూ ఏమీ రాయడానికి లేకుండా ప్రశ్నకు తాళం పడింది.

"ఒక డాక్టరుకి అంతుపట్టకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళమా?" అన్నారు ఆవిడ. ఆ రోజు తరిగిన ముల్లంగి ఒక్క ముక్కా మరోదానిలా లేదు.

శుక్రవారం పొద్దున మళ్ళీ నాలుగే. మిగతావి రాయడానికి నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పేర్లు చదవమన్నారు. అసలు పట్టిక నేను చూడటం అదే మొదటిసారి.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరు..." ఆగాను. "ఐదు ఏదండీ?"

"అది రిట్సుది. వాళ్ళ నాన్నకు సెందాయికి బదిలీ అయింది. శనివారం పేరు తీసేశాను."

"వరుస ఉంచేశారా?"

"ఏం ప్రశ్నే అది! ఏడాది మధ్యలో పిల్లల నెంబర్లు జరుపుతారా ఎక్కడైనా? మార్చిలో బడి ఏడాది ముగిసేదాకా ఆ చోటు వాడిదే."

నేను ఐదో వరుస మీద వేలు పెట్టి అడిగాను. "ముల్లంగి పట్టికలో ఖాళీ వరుస పెట్టారా?"

"ఖాళీని ఏం పెడతాను? అందులో ఏమీ లేదు కదా."

అన్న నోటితోనే ఆవిడ నన్ను లేపి కుర్చీలో కూర్చున్నారు. తర్వాత ప్రోగ్రాం తెరిచి, వేలితో ఒక్కో వరుసా దాటుకుంటూ వచ్చారు. ఖాళీ గడి కనబడితే పట్టిక అయిపోయినట్టే అని ఎనిమిదేళ్ళ కిందట తనే రాసుకున్నారు. ప్రింటరు పాపం ఏమీ చెయ్యలేదు.

తలుపు దగ్గర నుంచి ఇగరాషి గారు, "ఆ వరుస కొట్టేస్తే పోలా?" అన్నారు.

"పోదండీ," అని ఆవిడ ప్రోగ్రామే మార్చారు. ఖాళీ వస్తే దాటి, చివరి దాకా వెళ్ళేలా. ఏడు చీటీలు వచ్చాయి. ఇగరాషి గారు ఒక్కోటీ పట్టికతో సరిచూసి, "సోమవారం మామూలే," అని వెళ్ళిపోయారు.

సంగతి తేలాక ఎలా తేలిందో రాసిపోవడం అక్కడి పద్ధతి. మొదటి చోట తాళం తియ్యరు. రెండో చోట ఆవిడ అంతా రాశారు. ఈసారి వాన లేదు, మొదటి మాటే ఖాళీ వరుస. క్షమాపణ చివర్లో ఒక్కసారే.

ఎండుచేప జవాబు రావడానికి టీ చల్లారేంత సేపు పట్టింది. "ఆ మాట మొదటే చెప్పి ఉండాల్సింది."

తొగాషి గారు అది రెండుసార్లు చదివారు.

"చెప్పాల్సింది ఏదో తెలిస్తే వీణ్ణెందుకు అడుగుతానే?" అని ఫోను బోర్లా పెట్టి, గుడ్డు పడని డబ్బాలో గుమ్మడి ముక్కలు సర్దడం మొదలుపెట్టారు.