మిరుగం తర్వాత నలభై దినాలు

పోయిన నెల పున్నమికి ముందు రోజు, నార్కట్‌పల్లి బడిల రెండో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్తున్న. మా మరిది సైకిలు గోడకు ఆనిచ్చి గుమ్మంల నిలబడ్డడు. లోపలికి రాలేదు.

"వదినా, అమ్మ పోయింది" అన్నడు.

తెల్లారి లేచి, పొయ్యి అలికి, వాకిట్ల కూసున్నదట. కూసున్నకాడనే పక్కకు ఒరిగింది. దవాఖానకు తీస్కపోదామనే మాట కూడా రాకముందే అయిపోయింది.

నేను పోయేసరికి మా ఇంటి ముందు నిలబడేందుకు జాగా లేదు. చుట్టుపక్కల చెరువులు ఎన్ని ఉన్నయో అన్ని చెరువుల నుంచి మనుషులొచ్చిన్రు. నల్గొండ చేపల ఆఫీసుల పనిచేసే ముసలి ఫీల్డుమన్ కూడా వచ్చి, చెప్పులు దూరంగ విడిచి, ఎండల అట్లనే నిలబడ్డడు. తర్వాత మా బడి పెద్దపంతులు నన్నడిగిండు: "మీ అత్త చేపలు అమ్మేటామెనే గద, సర్కారు ఆఫీసోళ్లు ఎందుకొచ్చిన్రు?" ఒక్క మాటల చెప్పలేకపోయిన. అందుకే కూసోని రాస్తున్న.

మా అత్త పొట్టి మనిషి. గొంతు మాత్రం ఊరవతలికి వినపడేది. మా మామ పోయినప్పుడు ఆమెకు ముప్పై ఏండ్లు కూడా లేవట. ఇద్దరు కొడుకులను చేపల గంప మీదనే పెంచింది. రామన్నపేట అంగడిల గంప దించిందంటే బేరానికి ముందు తన చేపల తప్పులు తానే చెప్పేది. "గీ జెల్లలు నిన్నటియి. పులుసుకైతే తీస్కో, వేపుడుకు వద్దు" అనేది. పక్కన కూసున్నోళ్లు నెత్తి కొట్టుకునేటోళ్లు. ఆమె గంప మాత్రం అందరికంటే ముందే ఖాళీ అయ్యేది.

ఇంట్ల కొత్త వల అల్లి అయిపోంగనే ఆమె చేతికియ్యాలె. వల కన్నుల రెండు వేళ్లు పెట్టి చూసేది. వేళ్లు సాఫుగ దూరకపోతే అల్లినోళ్లు మా ఆయనైనా సరే, మరిదైనా సరే, విప్పి మళ్ల అల్లాల్సిందే. "పిల్లచేప పోను తొవ్వ ఉండాలె గదరా" అనేది. అంతకు మించి వివరం చెప్పేది కాదు.

నేను ఏడో తరగతి చదివిన. మా కులంల అప్పట్ల ఆడపిల్ల అంత చదివితే సంబంధం దొరకకపోయేది. చదివిన పిల్ల గంప ఎత్తుతదా అని రెండిండ్లోళ్లు వెనక్కి పోయిన్రు. మా అత్త వచ్చి, మా నాయినతోని సూటిగ అన్నది: "మా ఇంట్ల వలలు అల్లేటోళ్లు మస్తుగున్నరు. కాయితం చదివేటోళ్లే లేరు. పిల్లనియ్యి." అట్ల నేను ఆ ఇంటికి వచ్చిన.

వచ్చిన రెండో ఏడే ఆ కాయితం వచ్చింది.

అప్పటికి మా దిక్కు జిల్లాలు, సముద్రం దిక్కు జిల్లాలు కలిసి ఒక్క రాష్ట్రమై ఎక్కువ రోజులు కాలేదు. సముద్రంల, నదులల్ల, చెరువులల్ల చేపలు తగ్గుతున్నయని సర్కారు ఒక కమిషన్ వేసింది. ఏ నెలల పట్టాలె, ఏ నెలల ఆపాలె, వల కన్ను ఎంతుండాలె అన్నది ఆ కమిషన్ తేల్చాలె. వాళ్లు రాసిన ముసాయిదా ఊరి చావడి గోడకు అంటించిన్రు. కులపోళ్లందరు చుట్టు నిలబడితే నేను చదివిన. "సముద్రతీరమందును, నదులయందును, చెరువులయందును, ఉగాది పిమ్మట రెండు మాసములు చేపలు పట్టుట నిషేధించుటకు ప్రతిపాదించడమైనది" అని ఉన్నది.

"అంటే ఏందే పిల్లా?" అన్నది అత్త.

"ఎండకాలం రెండు నెలలు వల ముట్టొద్దు అత్తమ్మా. ఏమన్న చెప్పుకునేది ఉంటే నల్గొండ ముసాఫిరు బంగ్లకు వచ్చి కమిషన్ ముందర చెప్పుకోవాల్నట."

ఒక్కసారే అందరు మాట్లాడుడు మొదలుపెట్టిన్రు. మాకు ఎండకాలమే కోత కాలం. చెరువు నీళ్లు దిగి, చేప ఒక్కకాడికి వస్తది. మిరుగం నాడు, అదే మృగశిర కార్తె మొదలయ్యేనాడు, ఈ దిక్కు చేప తినని ఇల్లు ఉండదు. ఆ రెండు నెలలు బందు పెడితే మా ఇండ్లల్ల పొయ్యి ఆరినట్టే. మాకు బందే వద్దని రాసి, అందరు వేలిముద్రలేసి పంపుదామని పెద్దమనుషులు తీర్మానం చేసిన్రు.

మా అత్త ఒప్పుకోలేదు.

"వద్దనుడు సులువే. చేపలు తగ్గినయా లేదా? తగ్గినయి. వద్దు అని ఊకుంటే మన మాట ఎవ్వడింటడు? ఎప్పుడు బందు పెట్టాల్నో మనమే చెప్పాలె."

"ఎప్పుడు పెట్టాల్నంటవ్?" అని కులపెద్ద అడిగిండు.

"మిరుగం ఎల్లినంక. కొత్తనీళ్లు వచ్చినప్పుడు."

అది అందరికి ఎరికైన సంగతే. మొదటి వరదకు వాగు వచ్చి చెరువుల పడుతుంటే, కడుపుల గుడ్లు పెట్టుకొని చేపలు ఆ నీళ్లకు ఎదురెక్కుతయి. ఆ వాగు మూతి కాడ వెదురు బుట్టలు అడ్డం పెడితే చాలు, వల కూడా అక్కరలేదు. గంపలకు గంపలు. ప్రతి ఇల్లు చేసేదే అది. మా ఇల్లు కూడా.

మా ఆయన ముందుకొచ్చి, "అమ్మా, నువ్వు గట్ల చెప్తే మన నోట్ల మనమే మన్ను కొట్టుకున్నట్టు" అన్నడు.

"గుడ్ల చేపను పట్టినప్పుడల్ల కొడుతనే ఉన్నం బిడ్డా. నేను కొత్తగ కొట్టేదేం లేదు" అన్నది ఆమె.

మగోళ్లు ఎవ్వరు వెంట రాలేదు. ఆమె, నేను ఇద్దరమే బస్సెక్కినం. నా చేతుల, ఆమె చెప్తే నేను రాసిన అర్జీ కాయితం. ఆమె ఒళ్లె తడి గుడ్డ చుట్టిన గంప, అందుల ఆ పొద్దున పట్టిన రెండు బొచ్చె చేపలు. బస్సుల వాసనొస్తుందని ఒకాయన ముక్కు మూసుకుంటే, "చేప సచ్చి గంట కాలే, వాసన నీ సంచిలదేమో చూస్కో" అన్నది. బస్సంత నవ్వింది. నేను మాత్రం అర్జీ కాయితం మడత విప్పి మళ్ల చదువుకున్న.

సర్కారు సార్లు దిగే ముసాఫిరు బంగ్ల హాలుల ఒక పొడుగు బల్ల, దాని వెనక నలుగురు. నడుమ కూసున్నాయన కమిషన్ పెద్దసారు. ఒక చివర్న తెల్ల గడ్డం ముసలాయన. ఆయన సముద్రం దిక్కు జాలరుల పెద్ద అని, ఆయనను కూడా కమిషన్‌ల వేసిన్రని తర్వాత తెలిసింది. పక్కన రాసుకునే గుమస్త.

మా పేరు పిలవంగనే అత్త పోయి నిలబడ్డది. "సారూ, మిరుగం దాక మమ్ముల పట్టుకోనియ్యున్రి. మిరుగం ఎల్లినంక నలభై దినాలు బందు పెట్టున్రి" అన్నది.

గుమస్త పెన్ను ఆపి నవ్విండు. "మిరుగమా? అదేమిటండీ?"

"మృగశిర కార్తె సార్" అన్న నేను, వెనక నుంచి.

"నవ్వినవు, మంచిగనే ఉంది. ఇప్పుడు రాసుకో" అన్నది అత్త వానితోని. పెద్దసారు చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుకున్నడు.

తర్వాత ఆయన కొంచెం గట్టిగనే అడిగిండు. "వేసవిలో చేప కడుపులో గుడ్డు తయారవుతుందని శాస్త్రం చెబుతోందమ్మా. అప్పుడు పట్టనిస్తే ఎట్లా?"

అత్త గంప మీది గుడ్డ తీసింది. బొచ్చె చేపను అరచేతుల మీద పెట్టి చూపించింది. "తయారైతది, అబద్ధమెందుకు. కాని సారూ, వైశాఖంల మా చెరువుల నీళ్లు మోకాలి మట్టుకు వస్తయి. మేం పట్టకుంటే ఇది బతుకుతదనుకుంటున్నవా? కొంగ తింటది, లేకుంటే బురదల కుళ్లుతది. సముద్రం ఎండది. చెరువు ఎండుతది. మీరు రెంటికి ఒక్కటే నెల రాసిన్రు."

"అన్నీ పట్టేస్తే విత్తనం ఎక్కడిది?"

"తూము కాడ లోతు గుంత ఉంటది. ఎంత ఎండకైనా అండ్ల నీళ్లుంటయి. గా గుంతల వల వెయ్యం. అది కూడా రాయున్రి, మా మీదనే రాయున్రి. అండ్ల మిగిలిన చేపనే కొత్తనీళ్లకు ఎదురెక్కుతది. గప్పుడు దాని తొవ్వకు అడ్డం పోవద్దు. గంతే."

చివర్న కూసున్న ముసలాయన ముందుకు వంగిండు.

"అమ్మా, సముద్రంలో చేప ఎప్పుడు ఎటు పోతుందో మాకు అంతు పట్టదు. మీరు కళ్లారా చూస్తున్నారు. బాగుంది. కానీ ఒక మాట చెప్పు. ఆ నలభై రోజులూ మీవాళ్లు ఏం తింటారు?"

"నాట్లకు పోతరయ్యా. గప్పుడు కూలికి రమ్మని రైతులే ఇంటికొస్తరు. ఎండకాలం మాకు ఎవ్వడు పని చెప్పడు. అందుకే గా నెలలు ఇడిసిపెట్టమంటున్న."

ఆ ముసలాయన పెద్దసారు దిక్కు చూసిండు. తల ఊపిండు.

పెద్దసారు ఆఖరి మాట అడిగిండు. "ప్రతి చెరువుకు కాపలా పెట్టడానికి మా దగ్గర మనుషులు లేరమ్మా. ఎవరు చూస్తారు?"

"మా చెరువును నేను చూస్త" అన్నది.

బయటికొచ్చినంక మా మర్రిగూడెం పోయే బస్సు నీడల కూసున్నం. ఆమె గంప మీది గుడ్డను కప్పుడు, తీసుడు, మళ్ల కప్పుడు. "భయమైందా అత్తమ్మా?" అన్న. "కాకుంటదా? నలుగురు నాలుగు కండ్లద్దాలు పెట్టుకొని చూడవట్టిరి" అన్నది. తర్వాత ఆ రెండు చేపలను బంగ్ల కాడ వంట చేసే ఆమెకు ఊకెనే ఇచ్చి వచ్చింది.

ఉగాది దాటకముందే ఆర్డరొచ్చింది. సముద్రానికి వేరే, చెరువులకు వేరే రాసిన్రు. మా దిక్కు చెరువులకు ఎండకాలం బందు తీసేసిన్రు. తూము గుంత వదిలెయ్యాలె, మిరుగం తర్వాత నలభై దినాలు వాగు మూతి కాడ ఎవ్వరు పట్టొద్దు. నేను చదువుతుంటే కులపెద్ద అత్తను చూసి, "గెలిచినవు పో" అన్నడు. ఆమె నవ్వలేదు. "ఇంక వాన పడనియ్యి, గప్పుడు చూద్దాం" అన్నది.

ఆ ఏడు ఆషాఢంల వాన దంచి కొట్టింది. తెల్లారేసరికి వాగు ఎర్రగ వచ్చింది. అత్త గొంగడి కప్పుకొని కట్ట మీదికి పోతుంటే నేను వెంట పోయిన. వాగు మూతి కాడ రెండు వెదురు బుట్టలు అడ్డం పెట్టి ఉన్నయి. కట్టిన తాడు చూడంగనే గుర్తుపట్టిన. అది మా ఇంటి తాడే. మా ఆయన అవతలి గడ్డ మీద నిలబడి ఉన్నడు.

ఆమె ఆయనను పిలువలేదు, తిట్టలేదు. గొంగడి నా చేతికిచ్చి, నడుం లోతు నీళ్లల్లకు దిగింది. ఒక్కొక్క బుట్ట మూతి విప్పి తిరగేసింది. చేపలు ఆమె కాళ్ల సందుల నుంచి, పక్కల నుంచి మీదికి కొట్టుకుంట పోయినయి. ఒకటి ఆమె భుజానికి తాకి ఎగిరిపడ్డది. మా ఆయన గడ్డ మీద నుంచి అరిచిండు.

"ఊరంత నవ్వుతది అమ్మా! పక్క ఊరోళ్లు పట్టుకుంటనే ఉన్నరు. మనకే ఎందుకు?"

"మాట ఇచ్చింది పక్క ఊరోళ్లు కాదురా. నేను."

ఆ సాయంత్రం కులపోళ్లను ఆమెనే పిలిపించింది. "మొదటి తప్పు మా ఇంట్లనే అయింది. నలభై దినాలైనంక తొలి పట్టుల మా ఇంటికి వాటా వద్దు" అన్నది. మా ఆయన తల దించుకొని లేచిపోయిండు. నెల రోజులు తల్లితోని మాట్లాడలేదు. నాకు ఇటు చెప్పరాదు, అటు చెప్పరాదు. ఆమె మాత్రం రోజు నాట్లకు పోయి, వచ్చి, కొడుకు పళ్లెంల ముందు వడ్డించి, తర్వాత తాను తినేది.

వెంటనే చేపలు పెరగలేదు. ఆ మరుసటి ఏడు వానలే సరిగ పడలేదు, తూము గుంత కూడా ఎండింది. "నీ కమిషన్ ఏమైంది?" అని అంగడిల ఎక్కిరించిన్రు. "కమిషన్ వాన కురిపిస్తదా?" అన్నది ఈమె, వాళ్లకు చేపలు అమ్ముడు మాత్రం మానలేదు. ఆ తర్వాత ఏడు మంచి వానలు. మూడో ఏట మిరుగం ముందర వల లాగుతుంటే ఎనిమిది మంది మగోళ్లు సరిపోలే, ఒడ్డు మీద ఉన్న ఆడోళ్లం కూడా తాడు పట్టినం. ఒడ్డున పడ్డ రవ్వు చేపను మా ఆయన రెండు చేతుల ఎత్తి, ముందుగ తల్లి దగ్గరికే తెచ్చిండు. "చూడు" అన్నడు. అంతే అన్నడు. ఆమె దాని పొట్ట నిమిరి, "బాగున్నది" అన్నది.

అప్పటి నుంచి పక్క ఊర్లోళ్లు ఒక్కొక్కరే వచ్చుడు మొదలైంది. చేపల ఆఫీసు ఫీల్డుమన్ ఎక్కడ తగువొచ్చినా ఆమెను సైకిలు వెనక కూసోబెట్టుకొని పోయేటోడు. అన్ని చెరువులు మారలేదు. కొన్నిటి కాడ ఇప్పటికి కూడా మొదటి వరదకు బుట్టలు పడుతనే ఉన్నయి. ఆ సంగతి ఆమె దాచేది కాదు. "మనం చెప్పంగ వినేటోళ్లు సగం, చూసి నేర్చేటోళ్లు సగం. ఇంక కొందరు మిగులుతరు. మిగలనియ్యి" అనేది.

నన్ను పంతులమ్మ ట్రైనింగుకు పంపింది కూడా ఆమెనే. మా ఆయన సంశయిస్తే, "కాయితం చదివే మనిషి ఇంట్ల ఒక్కతే ఉంటే ఏం లాభం? పోయి పదిమందిని తయారు చెయ్యనియ్యి" అన్నది. నా బడి, నా జీతం, ఈ నాలుగు ముక్కలు రాసే ధైర్యం, అన్నీ ఆమె పెట్టిన భిక్ష.

ఆఖరిసారి ఆమెను చూసింది రామన్నపేట బస్సు ఆగే కాడ. సెలవులు అయిపోయి నేను నార్కట్‌పల్లి పోతున్న. ఆమె అంగడికి పోతున్నది, నెత్తి మీద గంప. కిటికీ కాడికి వచ్చి ఏదో చెప్పవట్టింది. ఇంతల బస్సు కదిలింది. ఆమె ఆగలేదు. ఒక చెయ్యి కిటికీ చువ్వ మీద పెట్టి బస్సు వెంబడే నడుస్తున్నది, ఇంకో చేతితోని ఏదో వివరం చూపిస్తున్నది. గంపను ఏ చెయ్యీ పట్టుకోలేదు. అది ఆమె నెత్తి మీద కదలకుంట ఉన్నది. ఇంజను సప్పుడుల నాకు ఒక్క మాట వినపడలేదు. చువ్వ మీది చెయ్యి జారిపోయినంక కూడా, దుమ్ముల, ఆమె నోరు కదులుతనే ఉన్నది.