ఇసుక బస్తాల వెనుక శిల్పాలు

మొన్నటి వానలకు మా వీధిలోకి నీళ్లు రాకుండా ఇసుక బస్తాలు పేర్చారు. తడిసిన గోనె వాసన తగలగానే వరదరాజులు నాయుడుగారు గుర్తొచ్చారు. పందొమ్మిది వందల యాభైల్లో నేను రసాయనశాస్త్రం చదివి మద్రాసులో ఒక మ్యూజియంలో చేరేనాటికి ఆయన మా విభాగానికి పెద్ద. పాత శిల్పాలు చెడిపోకుండా చూడడం మా పని. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, జపాన్ బాంబులు పడతాయని ఊరు ఖాళీ అవుతుంటే, ఆయన భార్యాపిల్లల్ని చిత్తూరు రైలెక్కించి, తాను వెనక్కి వచ్చి శిల్పాల చుట్టూ ఇసుక బస్తాలు పేర్పించారట. భయం వేయలేదా అని అడిగాను.

"ఎందుకెయ్యదమ్మా? మనుషులైతే పరిగెత్తతారు. రాయి యాడికి పోతాది?" అన్నారు.

ఒకరోజు పొద్దున పత్రిక పట్టుకుని హడావిడిగా వచ్చారు. యుద్ధంలోనైనా కళాసంపదను ధ్వంసం చేయకూడదని దేశాలు ఒప్పందం చేసుకున్నాయన్న వార్త అది. మా అందరినీ కూర్చోబెట్టి పైకి చదివారు. "శత్రువు సొత్తయినా కాపాడాల్సిందేనంట" అని, ఆ వాక్యం ఇంకోసారి చదివారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక పెద్ద అధికారి వచ్చారు. పూలు పట్టుకున్న స్త్రీలను చెక్కిన పాలరంగు పలక ఒకటి ఆయనకు నచ్చింది. సముద్రం ఒడ్డున కడుతున్న కొత్త ఆఫీసు గోడలో దాన్ని పొదిగించమన్నారు.

"ఆడ గాలిలో ఉప్పుండాది సార్. ఇది సున్నపురాయి. ఈ మొహాలు మిగలవు" అన్నారు నాయుడుగారు.

"ఇది ప్రభుత్వ సొత్తే కదా?"

"యుద్ధంలో పగవాళ్లే పాడు చెయ్యకూడదని రాసుకున్నారు. ఏ యుద్ధమూ లేకుండా మనమే పాడు చేస్తే ఎవరికి చెప్పుకునేది సార్?"

అధికారి కారెక్కి వెళ్లిపోయారు. పలక కదల్లేదు. మరుసటి ఏడు నాయుడుగారికి రావలసిన ప్రమోషన్ వేరొకరికి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన నన్ను ఆ పలక దగ్గరికి తీసుకెళ్లి, "ఆ చివరున్న పిల్ల చెవికమ్మ చూడు. ఎంత సన్నంగా ఉండాదో, ఇంకా అట్నే ఉండాది" అన్నారు. ప్రమోషన్ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక విదేశీ సభలో, ఇలాంటి శిల్పాలు మానవులందరి వారసత్వమని నిపుణులు మాట్లాడుతుంటే విన్నాను. అప్పటికి నాయుడుగారు లేరు. నేనూ ఒక విభాగానికి పెద్దనయ్యాక, పైవాళ్ల మాటకు కుదరదని చెప్పాల్సిన సందర్భాలు వచ్చాయి. ప్రతిసారీ భయం వేసింది. అయినా చెప్పాను. భయం పోయేదాకా ఆగనక్కర్లేదని ఆయన్ను చూశాకే నాకు తెలిసింది.