తలుపు మీద ఎర్ర రంగు

డెట్రాయిట్ చుట్టుపక్కల యూదుల కోసం వారం వారం వచ్చే పేపర్‌లో నేను పేజీలు డిజైన్ చేస్తాను. పెళ్ళిళ్ళు, చావులు, వాళ్ళ ప్రార్థనా మందిరం సినగాగ్‌లో సూప్ పోటీ, ఇవే మా వార్తలు. గుంటూరు నుంచి వచ్చిన క్రైస్తవురాలినని అక్కడ నన్నెవరూ వింతగా చూడలేదు. డెబ్బై దాటిన మా ఎడిటర్ మాత్రం, "శుక్రవారం సాయంత్రం సబ్బాతని నేను దొరకను, ఆదివారం పొద్దున చర్చి అని నువ్వు దొరకవు. ఇక పేపర్ వచ్చినట్టే" అని నవ్వేది.

మొన్న చలికాలంలో ఒక పొద్దున నేను వెళ్ళేసరికి ఆమె మంచులో నిలబడి ఆఫీసు తలుపు వంక చూస్తోంది. దాని మీద ఎర్ర రంగుతో, మీరంతా చావాలని రాసి ఉంది. పోలీసులు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళారు. నేనూ ఒక ఫొటో తీశాను. మేమిద్దరం థిన్నర్ పోసి రుద్దాం. చలికి బిగుసుకుపోయిన రంగు ఎంతకీ వదల్లేదు. ఆమె గుడ్డ పక్కన పెట్టింది.

"మొదటి పేజీలో ఆ ఫొటో పెట్టు. చిన్నది చేయకు" అంది.

పెట్టాను.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఒక అంకుల్ ఆ ఫొటో ఫోన్‌లో చూశారు. నేను ఈ దేశంలో దిగిన రోజున ఎయిర్‌పోర్ట్‌కి కోటు పట్టుకుని వచ్చిన మనిషి ఆయన.

"వాళ్ళే చేసుకుని ఉంటారమ్మా, సింపతీ కోసం. మీడియా అంతా వాళ్ళదేగా" అన్నారు, పెరుగన్నం కలుపుకుంటూ.

టేబుల్ చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నా ఒళ్ళు మండిపోయింది.

"ఆ తలుపు కడిగింది నేను అంకుల్. మీరు ఇందాక కళ్ళు మూసుకుని పాడిన బైబిల్ కీర్తన ఎవరిది? ఆ యూదులది కాదూ?"

పాస్టర్ గారు నన్ను పక్కకి పిలిచారు. "పెద్దాయనమ్మా, లైట్ తీసుకో."

"ఆయన పెద్దాయనే. ఆయన చెప్పిన అబద్ధం కూడా పెద్దదే. వచ్చే వారం ఆరాధనలో ప్రకటనల టైమ్‌లో రెండు మాటలు చెప్పనివ్వండి."

"చర్చిలో ఇవన్నీ వద్దమ్మా."

సోమవారం ఎడిటర్‌కి జరిగింది చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. అది చూసి నాకు మరింత కోపం వచ్చింది. ఇలాంటివి ఎన్ని వింటే మనిషికి ఆశ్చర్యం చచ్చిపోతుంది?

"రాయి" అంది. "తిట్లు తీసేయి. జరిగింది మాత్రం ఉంచు."

రాశాను. ఎవరి పేరూ, చర్చి పేరూ లేకుండా, కింద నా పేరుతో అచ్చయింది. పాస్టర్ గారు ఫోన్ చేశారు.

"మన ఇంటి విషయం తీసుకెళ్ళి వాళ్ళ పేపర్‌లో వేస్తావా?"

"మన ఇంట్లో చెప్పనివ్వలేదుగా అండీ."

ఇప్పటికీ ఆ చర్చికే వెళ్తున్నాను. క్వయర్‌లో నన్ను పాడమనడం మానేశారు. అంకుల్ ఎదురుపడితే ముఖం తిప్పుకుంటారు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. తగ్గాలని ప్రార్థన కూడా చేయడం లేదు.