చూడని యాప్‌కు ఐదు స్టార్లు

ఈ రోజు కొమరోలు దగ్గరి మా బళ్లో తొమ్మిదో తరగతి పిల్లలతో, ప్రభుత్వం వాళ్లకిచ్చిన ట్యాబ్‌లోని పాఠాల యాప్ ఎట్లుందో రాయించినాను. మగపిల్లలు వీడియో ఆగిపోతుందని, లెక్కలు మరీ తేలికని పేజీ నిండా తప్పులు పట్టినారు. ఆడపిల్లలందరూ ఐదు స్టార్లు వేసి, "చాలా బాగుంది" అని రాసినారు.

ముచ్చటేసి మరియమ్మను అడిగినాను, "ఏ పాఠం నచ్చిందమ్మా?"

"నేను చూడలేదు టీచర్. ట్యాబ్ మా అన్న దగ్గరే ఉంటది."

"మరి బాగుందని ఎందుకు రాసినావు?"

"బాగలేదంటే ట్యాబ్ వాపసు తీసుకుంటారంట. అప్పుడు అన్న నన్ను కొడతాడు. నేను రాసింది దిద్దొద్దు టీచర్."

పక్కనున్న ఆడపిల్లలు కూడా తలలు దించుకున్నారు.

సాయంత్రం ఆ కాగితాలు దిద్దకుండానే పై ఆఫీసుకు పంపినాను. యాప్ ఆడపిల్లలకే ఎక్కువ నచ్చిందని రిపోర్టు రాసేస్తారు. మీరైతే ఏం చేసేవాళ్లు?