మీగడ చెదరని చెయ్యి

మా పక్కింటి ఆంటీ పోయారు. గురువారం పొద్దున నేను టొరంటో వెళ్ళే ట్రైన్‌లో ఉండగా వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ వెళ్ళిపోయింది" అంది, ఇంకేమీ అనలేక పెట్టేసింది. తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి మా ఊరు ఓక్‌విల్ వెళ్ళే బండి కోసం ఎదురు ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. గుండె జబ్బుతో నెలరోజులుగా ఆస్పత్రిలో ఉన్న మనిషి కాబట్టి ఊహించని వార్తేమీ కాదు. అయినా, బండి వచ్చేదాకా ఎడమచేత్తో స్తంభం పట్టుకున్నాను. ఆ చెయ్యి ఇవాళ దేన్నయినా గట్టిగా పట్టుకోగలుగుతోందంటే ఆవిడ వల్లే. ఆ సంగతి మీకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆంటీది రేపల్లె దగ్గర ఊరు. కూతురి దగ్గరికి వచ్చి పన్నెండేళ్ళయింది. మా చుట్టుపక్కల ఏ తెలుగింట్లో బిడ్డ పుట్టినా నూనె రాసి నీళ్ళు పోయడానికి ఆవిడే వెళ్ళేవారు. బలమైన చేతులు. ఆవిడ చపాతీపిండి కలుపుతుంటే గిన్నె గట్టు మీద అటూ ఇటూ జరిగేది. మెడ పట్టేసినా, నడుము నొప్పన్నా, "ఇటు తిరుగు అమ్మాయ్" అనడమే ఆలస్యం, ఎముకలు కటుక్కుమనేవి.

నాలుగేళ్ళ క్రితం నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ జరిగింది. చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసేశారు. గాయం మానింది కానీ రెండు నెలలకి ఎడమచెయ్యి వాచడం మొదలైంది. ఒంట్లో లింఫు అనే పల్చటి ద్రవం తిరుగుతూ ఉంటుందట. దాని దారిలో ఉన్న గ్రంథులు తీసేస్తే కొందరికి అది చేతిలోనే నిలిచిపోతుందని డాక్టర్ చెప్పారు. దాన్ని మెల్లగా మళ్ళించే మసాజ్ ఒకటి ఉందని, తెలిసిన థెరపిస్టు దగ్గరికి పంపిస్తామని అన్నారు. అపాయింట్‌మెంట్‌కి మూడు వారాలు పట్టింది. ఈలోగా చొక్కా చెయ్యి బిగుతైంది, ఉంగరం తీసేశాను, కీబోర్డ్ మీద వేళ్ళు మొద్దుబారినట్టు ఉండేవి. ఇంట్లో కూడా పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని తిరిగేదాన్ని. ఆ చేతిని గానీ, ఛాతీ మీది మచ్చని గానీ మా ఆయనకి చూపించలేదు.

ఒకరోజు ఆంటీ నువ్వులనూనె వెచ్చబెట్టుకుని వచ్చారు. "నీరు పట్టింది. ఓ నాలుగు రోజులు రుద్దితే దిగిపోద్ది" అన్నారు. నేను వద్దనలేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా గట్టిగా పిసికి రుద్దారు. హాయిగానే అనిపించింది. రెండో రోజుకి చెయ్యి ఎర్రగా కందిపోయి, చలిజ్వరం వచ్చింది. ఎమర్జెన్సీకి పరిగెత్తాం. ఇన్ఫెక్షన్ అన్నారు. గోరు పక్కన చీలిక నుంచి వచ్చి ఉండొచ్చని, మర్దన వల్లే అని చెప్పలేమని, కానీ ఈ చేతిని ఇంకెప్పుడూ అలా పిసికించుకోవద్దని అక్కడి డాక్టర్ చెప్పారు.

మర్నాడు ఆంటీ మిరియాలచారు తీసుకొచ్చి గుమ్మంలో నిలబడ్డారు. భయమో, నీరసమో, నా నోట్లోంచి వచ్చేసింది: "మీకు తెలియనివి చేయకండి ఆంటీ!"

ఆవిడ చారు డబ్బా చెప్పుల స్టాండ్ మీద పెట్టి వెళ్ళిపోయారు.

పదిహేను రోజులు రాలేదు. నేనూ వెళ్ళలేదు. యాంటీబయాటిక్స్ అయిపోయాయి, ఎరుపు తగ్గింది, వాపు మాత్రం అలాగే ఉంది. అపాయింట్‌మెంట్ రోజున కారు తీస్తుంటే ఆవిడ కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని మా డ్రైవ్‌వే మీదికి వచ్చారు.

"నన్నూ తీసుకెళ్ళు ఆ మసాజ్ ఆవిడ దగ్గరికి."

"ఎందుకాంటీ?"

"తెలియదన్నావుగా. తెలుసుకుంటా."

థెరపిస్టు నడివయసు పోర్చుగీసు ఆవిడ. ఆంటీని కుర్చీ వేసి పక్కనే కూర్చోబెట్టుకుంది. వాపు ఎడమచేతికైతే థెరపిస్టు మొదట నా మెడ కింద, ఎముక మీది గుంటల్లో వేళ్ళు పెట్టింది. తర్వాత కుడి చంక. ఆంటీకి అది నచ్చలేదు. "చెయ్యి వాస్తే అక్కడెక్కడో మొదలెట్టిందేంటి?" అని నన్నడిగారు. నేను ఇంగ్లీషులో అడిగి, జవాబు తెలుగులో చెప్పాను: హైవే మీద ట్రాఫిక్ ఆగిపోతే ముందున్న కార్లు కదలాలి, వెనకవాటిని తోస్తే లాభం లేదు. ఆంటీ తలూపారు. అల్లుడి కారులో ఆ ట్రాఫిక్ ఆవిడకి బాగా పరిచయమే.

నూనె అక్కర్లేదన్నది మాత్రం ఆవిడకి చాలాకాలం మింగుడు పడలేదు. అంతకంటే కష్టమైంది చేతి బరువు తగ్గించడం. ఆంటీ చెయ్యి వేయగానే థెరపిస్టు "టూ హార్డ్" అనేది. మళ్ళీ వేస్తే మళ్ళీ "టూ హార్డ్". కండ దాకా పోకూడదు, పైచర్మం మాత్రం కొంచెం సాగి వెనక్కి రావాలి. నాలుగో వారమో, ఐదో వారమో ఆంటీ చెయ్యి తీసి అన్నారు:

"అంటే, పాల మీద మీగడ కదలాలి, చెదరకూడదు. అంతేగా?"

ఆ మాట ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. థెరపిస్టు నవ్వి, ఆంటీ చేతిని పట్టుకుని మళ్ళీ నా భుజం మీద పెట్టింది. ఈసారి "టూ హార్డ్" అనలేదు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే ఆంటీ వచ్చేవారు. గాజులు గీసుకుంటాయని తీసి కిటికీ దగ్గర పెట్టేవారు. అరచేతులు రుద్దుకుని వెచ్చబడేదాకా ఆగేవారు. "తొందరున్న చేత్తో మనిషిని ముట్టుకోకూడదమ్మాయ్" అనేవారు. మధ్యలో ఒకసారి "టూ హార్డా?" అని అడిగేవారు. అయ్యాక పట్టు జారకుండా గిన్నెలు కడిగే రబ్బరు గ్లవ్స్ వేసుకుని, వాపు పెరగకుండా థెరపిస్టు వేసుకోమన్న బిగుతు స్లీవ్‌ని నా చేతికి ముడతలు లేకుండా ఎక్కించేవారు. అది మాత్రం బలమున్న చేతులకే సాధ్యం.

ఒక సాయంత్రం ఆవిడ చెయ్యి ఛాతీ మీదుగా వెళ్తూ మచ్చ పక్కన ఆగింది. "ఇక్కడ చక్కగా మానిందే" అన్నారు, కూర రుచి చూసి ఉప్పు సరిపోయిందన్నట్టుగా. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఓదార్చలేదు, మసాజ్ కొనసాగించారు. వెళ్ళేటప్పుడు మాత్రం, "మీ ఆయనకి చూపించు. పాపం, ఎలా ఉందో తెలియక బిక్కుబిక్కుమంటున్నాడు" అన్నారు. ఆ రోజే చూపించాను.

వాపు పూర్తిగా పోలేదు. ఇలాంటిది పూర్తిగా పోదని ముందే చెప్పారు. కానీ ఆరు నెలలకి చొక్కాలు పట్టాయి, వేళ్ళు తేలికపడ్డాయి. నా మసాజ్ నేనే చేసుకోవడం నేర్చుకున్నాక కూడా ఆంటీ ఆదివారాలు వచ్చేవారు. "సర్వీసింగ్" అనేవారు దాన్ని.

పోయిన వారం ఆస్పత్రికి వెళ్తే ఆవిడ కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. నేను చేయనా అని నర్సుని అడిగాను. గుండె వల్ల వచ్చిన వాపుకి ఆ మసాజ్ చేయకూడదంది. ఏం చేయాలో తోచక మంచం పక్కన కూర్చున్నాను. నాలుగేళ్ళుగా అడగనిది అప్పుడు అడిగాను.

"ఆంటీ, ఆ రోజు గుమ్మంలో అలా అన్నాను. బాధపడ్డారా?"

"పడ్డా. పడనా మరి?" అన్నారు. ఆయాసం తీర్చుకుని మళ్ళీ అన్నారు: "ఈ వయసులో నాకు రానిదేంటో చెప్పే ధైర్యం ఎవరికుందే? నువ్వు అనబట్టి ఒక పని నేర్చుకున్నా."

అంతలో వాళ్ళమ్మాయి ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది, కోటు మీద ఇంకా కరగని మంచుతో. తల్లి జుట్టు దిండు మీదంతా చిక్కుపడి ఉందని పక్కన కూర్చుని, వేళ్ళతోనే దువ్వి, మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. అల్లుతుండగానే ఆంటీ నిద్రపోయారు. కట్టడానికి బ్యాండ్ లేదు. లేచి వెతికితే అమ్మ నిద్ర చెడుతుందని, సన్నటి తెల్లజడ కొసని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, కోటైనా విప్పకుండా ఆ పిల్ల అలాగే కూర్చుండిపోయింది.