పైనొక తోడికోడలు, కిందొక తోడికోడలు

కాటాయనకి జీవితంలో ఒకటే నమ్మకం. అంకె పెద్దదైతే బరువు ఎక్కువ. లారీలు తూచే కాటా దగ్గర గుమస్తాగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరైన మనిషికి అంతకు మించిన వేదాంతం ఏం కావాలి? ముల్లు ఎక్కడ ఆగితే అదే నిజం. అలాంటి మనిషి ఈ వయసులో దారపు రీళ్ళు ముందేసుకుని బుర్ర గోక్కోవలసి వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆయన భార్య సంగతి చెప్పాలి.

ఆవిణ్ణి వీధిలో అందరూ బొంతలావిడ అంటారు. ముక్కలు అతికిన పై గుడ్డ, మధ్యలో దూది, కింద అడుగు గుడ్డ. ఈ మూడింటినీ కలిపి మిషను మీద వరసలు వరసలుగా కుట్టడం ఆవిడ పని. వెనక గదిలో కిటికీ పక్కన మిషను. కాటాయన ఆ గది గడప దాటేవాడు కాదు. కాళ్ళకి దారప్పోగులు చుట్టుకుంటాయి, గుండుసూదులు గుచ్చుకుంటాయి అనేవాడు. ఏదైనా కావలసి వస్తే గుమ్మంలో నిలబడి కేకేసేవాడు.

ఒక ఉదయం ఆవిడ కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక మాట కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. వచ్చినందుకు సంతోషించాలో, ఆ మాటలు విని ఏడవాలో ఇంట్లోవాళ్ళకి తెలియలేదు.

మొట్టమొదట వచ్చిన మాట, "అత్త వద్దు."

కాటాయన ఉలిక్కిపడ్డాడు. "మా అమ్మ పోయి ఎంత కాలమైందే? ఇప్పుడెక్కడుంది?"

"అత్త కోస్తుంది," అందావిడ, ఎడం చేత్తో వెనక గది వైపు చూపిస్తూ.

"మా అమ్మ నిన్ను ఎప్పుడు కాల్చుకు తిందే?" అన్నాడాయన. అనేశాక, జబ్బు మనిషితో వాదనేమిటని తనని తనే తిట్టుకున్నాడు.

పెళ్ళయి, మందుల షాపులో పనిచేసే కూతురు డాక్టర్ని అడిగింది. "మాట పోవడం వేరు, మతి పోవడం వేరు. ఈవిడకి ఏది పోయిందో కొన్నాళ్ళు చూస్తేగాని చెప్పలేను," అన్నాడాయన. ఆ మాటతో ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడింది.

తర్వాత కాటాయన తమ్ముడు చూడ్డానికి వచ్చాడు. పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, "ఎలా ఉన్నావు వదినా?" అని ప్రేమగా అడిగాడు. ఆవిడ మళ్ళీ ఆ గది వైపే చెయ్యి చూపించింది. "మరిదిని తీసెయ్," అంది. "తెగిపోతాడు."

తమ్ముడి ముఖం మాడిపోయింది. "తెగతెంపులు చేసుకోమంటోందా అన్నయ్యా? నేనేం చేశానని?" అంటూ లేచి వెళ్ళిపోయాడు. కాటాయన వీధి చివరిదాకా వెంటపడి నచ్చజెప్పాడు. ఏం చెప్పాడో ఆయనకే తెలియదు.

ఇక తోడికోడలి వంతు. తోడికోడలు కావాలి, తోడికోడలు కావాలి అని ఆవిడ ఒకటే కలవరింత. పోనీ మనుషుల మీద ధ్యాస ఉందిలే అని సంతోషపడి తమ్ముడి భార్యని పిలిపించారు. మొగుడికి జరిగిన మర్యాద తెలిసి కూడా ఆ ఇల్లాలు వచ్చింది, పక్కన కూర్చుంది, చెయ్యి పట్టుకుంది. బొంతలావిడ ఆమెని ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపింది.

"ఇద్దరు," అంది. "ఇద్దరు తోడికోడళ్ళు. పైన ఒకత్తె, కింద ఒకత్తె."

కాటాయనకి ఉన్నది ఒక్కడే తమ్ముడు. వాడికి ఉన్నది, అందరికీ తెలిసినంతలో, ఒక్కతే భార్య. ఆ భార్య చివ్వున లేచింది. "ఆ రెండోది ఎవరు బావగారూ? కింద ఎక్కడ? అందరికీ తెలిసి నా ఒక్కదాని దగ్గరే దాచారా?" ఆ తర్వాత తమ్ముడింట్లో ఏం జరిగిందో మనకి అనవసరం.

కూతురు ఆ రోజే తేల్చేసింది. "ఇక చూడ్డానికేం లేదు నాన్నా. అమ్మకి మనుషులెవరో, ఎంతమందో కూడా తెలియడం లేదు. ఆదివారం మిషను కొనుక్కునేవాళ్ళు వస్తారు. మిషను కనిపించకపోతే ఆ గది గొడవైనా తగ్గుతుంది. ఆ తర్వాత, ఇలాంటివాళ్ళని ఉంచుకుని చూసుకునే చోటు ఏదైనా వెతుకుదాం."

"ఇలాంటివాళ్ళు" అన్న మాట కాటాయనకి ముల్లులా దిగింది. మిషను పోతే పోయింది. అసలు మనిషి ఉందా, లేదా? కళ్ళలోకి చూస్తే ఉన్నట్టే ఉంటుంది. నోరు తెరిస్తే లేనట్టే ఉంటుంది. టన్నులు తూచిన మనిషికి ఈ తూకం అంతు చిక్కలేదు.

శనివారం ఆయన ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా వెనక గదిలోకి జరిపాడు. సగం కుట్టిన బొంత అలాగే ఉంది, సూది గుడ్డలో దిగబడి. ఇదొక్కటీ పూర్తయితే చూసి సంతోషిస్తుందేమోనని ఆయన ఆశ. చొక్కా చేతులు మడిచి మిషను ముందు కూర్చున్నాడు. పెడలు తొక్కగానే దారం పుటుక్కుమంది. సొరుగులోంచి గట్టిగా కనిపించిన ఇంకో రీలు తీసి, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని, నానా తంటాలూ పడి సూదిలోకి ఎక్కించాడు. ఈసారి దారం తెగలేదు. గుడ్డ ముడతలు పడి, కుట్టు పొడుగునా చిల్లులు పడ్డాయి.

"అత్త! అత్త!" అని ఆవిడ గావుకేక పెట్టింది.

"మధ్యలో మా అమ్మ ఎందుకే తల్లీ!" అని ఆయనా అరిచాడు. ఆ దారం తీసేసి, నిగనిగలాడేది ఒకటి ఎక్కించాడు. అది చుట్టలు చుట్టుకుని కిందంతా గూడు కట్టింది.

"వియ్యపురాలు," అని నిట్టూర్చిందావిడ. "తొందరపెట్టకు."

కాటాయన మిషను మీద తల వాల్చేశాడు. అంతా అయిపోయింది, పిచ్చిదైపోయింది అనుకున్నాడు.

అయినా మర్నాడు పొద్దున్నే దారాల కొట్టుకి వెళ్ళాడు. కొనేవాళ్ళు వచ్చేలోపల ఒక్క వరసైనా తిన్నగా కుట్టి చూపించాలని పంతం.

"మిషను మీద బొంత కుట్టే దారం కావాలమ్మా. చవకలో," అన్నాడు.

"ఎంత నంబరు?" అంది కొట్టావిడ.

రీళ్ళ మీద అంకెలున్నాయి. నలభైది, అరవైది పక్కపక్కన పెట్టి వేళ్ళతో నలిపి చూశాడు. అరవైది సన్నంగా ఉంది. "తప్పు వేశారమ్మా. అంకె పెద్దది, దారం చిన్నది."

"దారం లెక్క అంతే అన్నయ్యగారూ. నంబరు పెరిగినకొద్దీ సన్నబడుతుంది."

కాటాయనకి కాళ్ళ కింద నేల కదిలింది. అంటే లోకంలో ఇలాంటి కాటా కూడా ఒకటుందన్నమాట!

"అవన్నీ మీకెందుకు గాని, వదిన ఏం తెమ్మంది?" అని అడిగిందామె.

ఆయన తల దించుకున్నాడు. "ఆవిడకి మాట సరిగ్గా లేదమ్మా. మతి కూడా... ఇద్దరు తోడికోడళ్ళు కావాలంటోంది. పైన ఒకామె, కింద ఒకామె అట."

కొట్టావిడ వెనక్కి తిరిగి, కింది అరలోంచి ఒకే రకం రీళ్ళు రెండు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవిగో తోడికోడళ్ళు."

కాటాయన నోరు వెళ్ళబెట్టాడు.

"సూదిలో ఒకటి, కింద బాబిన్‌లో ఒకటి. రెండూ ఒకటే అయితే సమానంగా లాగుతాయి, ఒకదాని మీద ఒకటి పెత్తనం చెయ్యదు. చవక రకమే గాని పీచు రాలదు. వదిన ఎప్పుడూ ఇవే పట్టుకెళ్తుంది. పేర్లు కూడా ఆవిడ పెట్టినవే."

"మరి... అత్త?"

"సంచులు కుట్టే మందం దారం. తను తెగదు. మెత్తటి గుడ్డ మీద వేస్తే గుడ్డనే కోసేస్తుంది."

"మరిది?"

"కుప్పపోసి అమ్మే నాసిరకం నూలు. ఇలా లాగితే అలా తెగుతుంది. మెరిసేది వియ్యపురాలు. నిదానంగా నడపాలి, తొందరపెడితే అలుగుతుంది."

అప్పుడు గుర్తొచ్చింది కాటాయనకి. తలుపు అవతల మిషను చప్పుడులో ఆవిడ గొణుక్కునే మాటలు. ఈ అత్తతో వేగలేను, మరిదిని నమ్ముకుంటే ఇంతే. తన వాళ్ళని ఆడిపోసుకుంటోందని నొచ్చుకుని, వినపడనట్టు పేపరు అడ్డం పెట్టుకున్న రోజులు.

"అంటే మా వాళ్ళని తిట్టేది కాదా?"

"తిట్టకుండా పేర్లెలా వస్తాయి అన్నయ్యగారూ?" అని నవ్వేసిందామె.

ఆయనకీ నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి. మతి ఎక్కడికీ పోలేదు. ఆవిడ చెప్పిన ప్రతి మాటా సరైనదే. అర్థం కానిదల్లా, ఒకే కప్పు కింద ఇంతకాలం కాపురం చేసి ఆ గది గడప తొక్కని తనకే. సిగ్గుతో, సంతోషంతో ఏ సందులోంచి ఇల్లు చేరాడో ఆయనకే తెలియదు.

ఇంటి దగ్గర కూతురు, మిషను కొనుక్కునే దంపతులూ అప్పటికే వెనక గదిలో ఉన్నారు. కుర్చీలో బొంతలావిడ ముఖం పక్కకి తిప్పుకుని ఉంది. కాటాయన ఎవరినీ పలకరించలేదు. కూర్చుని, పైనా కిందా కొత్త దారం వేసి, ఒక వరస కుట్టాడు. బొంత తిరగేశాడు. అటూ ఇటూ కుట్టు ఒక్కలాగే ఉంది. ఆవిడ మెల్లగా తల ఊపింది.

"నాన్నా, వాళ్ళు కూర్చుని..."

"ఆగమ్మా." ఆయన నాసిరకం నూలు ఎత్తి భార్యకి చూపించాడు. "ఇదెవరు?"

"మరిది."

మందం దారం ఎత్తాడు. "అత్త," అంది. మెరిసేది ఎత్తాడు. "వియ్యపురాలు."

"మా అత్తగారా!" అంది కూతురు. నవ్వబోయి, తల్లి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కొనడానికి వచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నెమ్మదిగా వెళ్ళిపోయారు.

కూతురి జుట్టు నిమురుతూ నిమురుతూ బొంతలావిడ తల ఎత్తింది. "ఆయన," అంది. "ఆయన కావాలి."

కాటాయన గబగబా సొరుగు లాగాడు. ఇప్పుడు ఆయనకి ఆ భాష వచ్చేసింది మరి. నల్ల రీలు ఎత్తి చూపించాడు. కాదని తల ఊపింది. తెల్లది. కాదంది. బూడిద రంగుది. అదీ కాదు.

"ఆయనంటే ఏ దారమో నీకేమైనా తెలుసా?" అని కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కొట్టావిడ ఈ పేరు చెప్పలేదే! ఉండు, అడిగి వస్తాను," అని కంగారుగా లేచాడు కాటాయన.

ఆవిడ ఎడం చేత్తో ఆయన చొక్కా అంచు పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఈయన," అంది.