సత్తెమ్మ మాట భిలాయికి చేరిన రోజు

హైదరాబాదులో దబీర్‌పురా స్టేషను వెనక ఉండే రైల్వే గ్యాంగుమన్ ఇశ్రాయేలుకు ఒక్కతే కూతురు లీలమ్మ. మెట్రిక్ పాసై, దూరపు ఊళ్లకు ఫోన్లు కలిపే ట్రంకు ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరింది. చెవులకు హెడ్‌ఫోను, ఎదురుగా రంధ్రాల బోర్డు, చేతిలో వైర్లు. అదే ఆమె లోకం.

డెబ్బై నాలుగు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, లాల్‌దర్వాజాలో పాలు అమ్మే సత్తెమ్మ, మందుల షాపు ఫోను నుంచి భిలాయికి ట్రంకు కాల్ బుక్ చేసింది. కూలిపనికి వెళ్లిన ఆమె భర్త కొండల్, కాలి మీద ఇనుప దూలం పడి అక్కడి ఆసుపత్రిలో ఉన్నాడు. లీలమ్మ నాగపూరు మీదుగా ఆసుపత్రిని కలిపింది. అంతవరకు బాగున్న లైను, మాటలు మొదలయ్యేసరికి చెడింది.

"కాలు ఎట్లుందయ్యా?" సత్తెమ్మ అరుస్తోంది.

"హలో... సత్తెమ్మా? మాట్లాడవేందే? ఒద్దంటే వచ్చిన్నని ఇంకా కోపమేనా?"

"మాట్లాడుతున్న గదయ్యా!"

"మాట్లాడబుద్ధి గాకుంటే ఎందుకు చేసినవు మరి?" కొండల్ ఫోను పెట్టేశాడు.

వింటున్న లీలమ్మ వైరు మార్చి చూసింది. నాగపూరు ఆపరేటరు లైనులోకి వచ్చి "హలో హైదరాబాద్, బోలియే" అంటున్నాడు గాని, ఆమె మాట అతనికీ వినిపించడం లేదు. చెడింది హైదరాబాదుకూ నాగపూరుకూ మధ్యనే. అటు మాట వస్తోంది, ఇటుది పోవడం లేదు.

నాగపూరుకు ఉన్న ఇంకో లైనులో ఎవరో వ్యాపారి మాట్లాడుతున్నాడు. అది ఖాళీ కాగానే లీలమ్మ అందుకుంది.

"వరుసల వేరేవాళ్లున్నరు లీలా," అంది సూపర్‌వైజరు విమలాదేవి.

"ఈమె వంతు ఇంకా కాలేదు మేడం. ఒక్క మాట కూడ చేరలే."

విమలాదేవి హెడ్‌ఫోను అడిగి చెవికి పెట్టుకుంది. సత్తెమ్మ ఏడుపు విని, "జల్దీ కానీ," అని తిరిగిచ్చింది.

ఆసుపత్రిలో కొండల్‌ను మళ్లీ పిలిపించారు. లీలమ్మ ముందుగా తనే మాట్లాడింది. "అన్నా, ఆమె మస్తు మాట్లాడింది. లైను ఒక దిక్కు ఖరాబై నీకు ఇనరాలే. ఇగో, ఇప్పుడు ఇను."

సత్తెమ్మను లైనులో కలిపింది.

"సత్తీ... బొటనవేలు తీసేసిండ్రే."

"పోతే పోనీయ్. నువ్వైతే రా."

లీలమ్మ మీట తిప్పి, ఇక వినడం మానేసింది. చెడ్డ లైను సంగతి మెకానిక్కులకు చెప్పి, తర్వాతి కాల్ అందుకుంది.

వానలు మొదలయ్యాక ఎక్స్ఛేంజీ గేటు దగ్గరికి ఒక జంట వచ్చింది. మొగాయన కొంచెం కుంటుతున్నాడు. ఎవరు కావాలని డ్యూటీ దిగి వస్తున్న లీలమ్మే అడిగింది. ఆ గొంతు వినగానే ఆమె చెయ్యి పట్టుకుంది సత్తెమ్మ.

"నువ్వే అక్కా! బర్రె ఈనింది, జున్ను తెచ్చిన."

కొండల్ సిగ్గుపడుతూ నిలబడ్డాడు. "మల్ల భిలాయి పోతవా అన్నా?" అని లీలమ్మ అడిగితే, అతను నోరు తెరవకముందే సత్తెమ్మ అంది: "పోతే ఇద్దరం పోతం."